అభ్యర్థిని ఎన్నుకొను ఎన్నిక

మేము తెలుగు బోధించువారమే గాని రాజనీతిశాస్త్రము బోధించువారము కాము. అయినను తరగతి గదిలో పుట్టిన ప్రశ్న ఏ శాస్త్రమునకు చెందినదని ఆలోచించి అడుగు విద్యార్థి యుండడు. 2024 మార్చి నెలలో ఒకనాడు వార్తాపత్రిక చేత పట్టుకొని వచ్చిన విద్యార్థి యొకడు, “సార్, అమెరికాలో అధ్యక్షుని ఎన్నిక నవంబరులో గదా! మార్చిలోనే ఓట్లు వేసినారని వ్రాసినారేమి?” అని అడిగెను. “అవి ప్రైమరీలు” అని చెప్పి ఆనాటికి తప్పించుకొంటిమి. తప్పించుకొంటిమని మాకు తెలియును, అతనికిని తెలియును. ఆ బాకీ తీర్చుటకే ఈ వ్యాసము.

మన దేశమున ఓటరు చేతికి అందునది సిద్ధమైన అభ్యర్థుల జాబితా. అందులోనికి ఎవరి పేరు ఎట్లు చేరినదో ఓటరును అడుగువారు లేరు. పార్టీ టిక్కెట్టు ఢిల్లీలోనో, హైదరాబాదులోనో, విజయవాడలోనో ఖాయమగును. నామినేషన్ల గడువు ముగియుటకు కొన్ని గంటల ముందు బి-ఫారము చేతికి వచ్చినవాడు అభ్యర్థి; రానివాడు తిరుగుబాటు అభ్యర్థి. ఆ రాత్రి పార్టీ కార్యాలయముల ముందు జరుగు తతంగము మన పత్రికల పాఠకులకు కొత్త గాదు. అమెరికాలో ఈ టిక్కెట్టు ఇచ్చు అధికారము చాలవరకు సామాన్య ఓటరు చేతికి వచ్చినది. నవంబరు ఎన్నిక వేర్వేరు పార్టీల అభ్యర్థుల మధ్య జరుగును. ప్రైమరీ ఒకే పార్టీలోని ఆశావహుల మధ్య జరుగును. ముందటిది తేలిన పిమ్మటగాని రెండవది లేదు.

ఆ దేశమున ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క పద్ధతి. అన్నియు చెప్పబూనినచో ఈ సంచిక చాలదు. కావున మసాచుసెట్స్ రాష్ట్రమును ఉదాహరణగా తీసికొందుము. మా పినతండ్రిగారు అనేక సంవత్సరములుగా అచ్చట నివసించుచు, పౌరసత్వము పొంది, ఓటు వేయుచున్నారు. ప్రశ్న పుట్టిన వారములోనే వారికి ఫోను చేసి అడిగితిమి.

ఓటు వేయదలచిన పౌరుడు ఎన్నికకు 10 రోజుల ముందుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. అప్పుడే తాను డెమోక్రాటు అనియో, రిపబ్లికన్ అనియో వ్రాయించుకొనవచ్చును. ఏ పార్టీయు వ్రాయించుకొనక ఊరకుండవచ్చును. ఆ రాష్ట్రపు ఓటర్లలో సగమునకు మించి ఏ పార్టీయు వ్రాయించుకొననివారే. పార్టీ వ్రాయించుకొన్నవానికి ఆ పార్టీ పత్రమే ఇత్తురు. వ్రాయించుకొననివాడు తనకు కావలసిన పార్టీ పత్రము నడిగి తీసికొనవచ్చును, ఓటు వేసిన తరువాత కూడ ఏ పార్టీకి చెందనివాడుగనే మిగులును. న్యూయార్కు, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రములలో ఈ వెసులుబాటు లేదు. అచ్చట ముందుగా పార్టీలో నమోదు కానివానికి ప్రైమరీ తలుపు మూసినట్లే.

ఉదయము 7 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు పోలింగు. ఎన్నిక మంగళవారమున జరుగును. దానికి సెలవు లేదు. పాఠశాలలోనో పురమందిరములోనో బల్ల వెనుక కూర్చున్న స్థానికులు మొదట వీధి పేరు, ఇంటి సంఖ్య అడిగి, పిమ్మట ఓటరు పేరు అడుగుదురట. జాబితా ఇంటి చిరునామాల వరుసలో ఉండుటయే దానికి కారణము. పత్రము కాగితముదే, పేరు ప్రక్కనున్న చిన్న అండాకారపు గడిని సిరాతో నింపవలెను.

ఆ పత్రముపై మొదటిది దేశాధ్యక్ష పదవికి అభ్యర్థిత్వము కోరువారి పేర్ల వరుస. దాని క్రింద “ఎవరియందును మొగ్గు లేదు” అను గడి యొకటి యుండును. జాబితాలో లేనివాని పేరు వ్రాయుటకు ఖాళీ చోటును ఉండును. ఓటరు గుర్తు పెట్టినది దేశాధ్యక్షుని పేరునకే యైనను, ఆ ఓటు వలన నిర్ణయమగునది జాతీయ మహాసభకు పోవు ప్రతినిధుల పంపకము. డెమోక్రాటిక్ పార్టీలో 15 శాతము ఓట్లు దాటినవారికి వారి వారి ఓట్ల నిష్పత్తిలో ప్రతినిధులు దక్కుదురు. రిపబ్లికన్ పార్టీలో కొన్ని రాష్ట్రములందు గెలిచినవానికే అందరును దక్కుదురు.

ఎవరికిని వేయని ఓటు వ్యర్థమని తలచువారికి 2024 ఫిబ్రవరి 27న మిచిగాన్ రాష్ట్రమున జరిగినది చెప్పవలెను. గాజా యుద్ధ విషయమున అధ్యక్షుడు బైడెన్ అనుసరించిన విధానమును నిరసించుచు లక్షకు పైగా డెమోక్రాటిక్ ఓటర్లు అచ్చట ఇట్టి గడియందే గుర్తు పెట్టిరి. అరబ్బు సంతతివారు పెద్ద సంఖ్యలో నివసించు డియర్‌బోర్న్ పట్టణమున ఆ గడికే అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవి. రాష్ట్రము మొత్తము మీద బైడెన్ సులభముగనే గెలిచెను. అయినను కొన్ని నియోజకవర్గములలో ఆ ఓట్లు 15 శాతము దాటినందున 2 ప్రతినిధి స్థానములు “ఎవరికిని గాని” వారికి దక్కినవి.

ఈ హక్కు ఆ దేశమునకు పుట్టుకతో వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటను పార్టీ పెద్దలే గదిలో కూర్చుండి అభ్యర్థిని నిర్ణయించువారు. ఇరువదవ శతాబ్దారంభమున విస్కాన్సిన్ రాష్ట్రపు రాబర్ట్ లాఫొలెట్ వంటి సంస్కర్తలు ఆ గది తలుపులు తెరువ బూనిరి. 1912లో రిపబ్లికన్ పార్టీలో థియోడర్ రూజ్‌వెల్ట్ అధిక సంఖ్యాకములైన ప్రైమరీలను గెలిచెను. అయినను చికాగో మహాసభ అధికారములోనున్న టాఫ్ట్‌నే నిలిపెను. రూజ్‌వెల్ట్ వేరు పార్టీతో పోటీ చేయగా ఓట్లు చీలి డెమోక్రాటైన ఉడ్రో విల్సన్ అధ్యక్షుడయ్యెను. ప్రైమరీ యున్నది గాని దానికి పట్టు లేదు. ప్రతినిధులలో అధికులు ప్రైమరీలు జరుగని రాష్ట్రముల నుండి వచ్చువారు.

పట్టు వచ్చుటకు మరియొక 60 ఏండ్లు పట్టినది. 1968 మార్చిలో న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో వియత్నాం యుద్ధమును వ్యతిరేకించిన సెనేటరు యూజీన్ మెకార్థీ సుమారు 42 శాతము ఓట్లు తెచ్చుకొనెను. అధ్యక్షుడు జాన్సన్‌కు వచ్చినవి 49 శాతము. గెలిచినవాడు జాన్సనే, కాని ఆ నెలాఖరున తాను మరల పోటీ చేయనని ప్రకటించినవాడును జాన్సనే. ఇంత జరిగినను ఆ ఆగస్టులో చికాగో మహాసభ ఒక్క ప్రైమరీలోను పోటీ చేయని హ్యూబర్ట్ హంఫ్రీని అభ్యర్థిగా నిర్ణయించెను. వెలుపల వీధులలో యువకుల తలలు పగిలినవి. ఆ అవమానము నుండి జార్జి మెక్‌గవర్న్ అధ్యక్షతన ఒక సంఘము పుట్టి నియమములను మార్చగా, 1972 నుండి ప్రైమరీలే ప్రధానములైనవి. ఆ నియమముల క్రింద మొదట అభ్యర్థియైనవాడు మెక్‌గవర్నే! నవంబరులో ఆయన గెలిచిన రాష్ట్రము ఒక్కటే. అది మన ఉదాహరణమైన మసాచుసెట్స్.

ఇంతవరకు చెప్పినది పెద్దల కథ. మా దృష్టిలో ప్రైమరీ విలువను తెలిపిన కథ వేరొకటి గలదు. అది టెక్సాస్ రాష్ట్రములోని నల్లజాతివారిది.

1870లో జరిగిన రాజ్యాంగ సవరణ ప్రకారము జాతి కారణముగా ఎవరి ఓటును నిరాకరింపరాదు. టెక్సాస్ ఆనాడు ఒకే పార్టీ రాష్ట్రము. డెమోక్రాటిక్ ప్రైమరీలో గెలిచినవాడు నవంబరులో గెలిచినట్లే. కావున 1923లో ఆ రాష్ట్ర శాసనసభ నల్లజాతివారు డెమోక్రాటిక్ ప్రైమరీలో ఓటు వేయరాదని చట్టము చేసినది. నవంబరులో కావలసినన్ని ఓట్లు వేసికొండు, అభ్యర్థిని మాత్రము మేము నిర్ణయింతుము అని దాని భావము. ఎల్ పాసో నగరపు వైద్యుడు నిక్సన్ న్యాయస్థానమునకు పోగా 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. శాసనసభ వెంటనే ఆ అధికారమును పార్టీ కార్యవర్గమునకు అప్పగించెను. ఆ డాక్టరే మరల పోరాడి 1932లో మరల గెలిచెను. అప్పుడు పార్టీ రాష్ట్ర మహాసభయే తెల్లవారు మాత్రమే సభ్యులని తీర్మానించుకొనెను. 1935లో న్యాయస్థానము, పార్టీ అనగా ప్రైవేటు సంఘము, దాని సభ్యత్వము దాని యిష్టము అని ఊరకుండెను. చట్టము నుండి కార్యవర్గమునకు, కార్యవర్గము నుండి మహాసభకు మారుచు వచ్చిన ఈ తాళపుచెవిని పాఠకులు గమనింపవలెను. పార్టీ కమిటీలో ఎవరున్నారను ప్రశ్న చిన్నది కాదని తెలియుటకు ఇంతకుమించిన నిదర్శనము మాకు దొరకలేదు.

తుదకు హ్యూస్టన్ నగరపు దంతవైద్యుడు లోనీ స్మిత్ వేసిన వ్యాజ్యములో థర్గుడ్ మార్షల్ వాదింపగా, 1944లో సుప్రీంకోర్టు తన పూర్వపు తీర్పును తానే త్రోసిపుచ్చి, ప్రైమరీ కూడ ఎన్నికయే యని నిర్ణయించెను. ఆ న్యాయవాదియే 1967లో ఆ న్యాయస్థానమున మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యెను. ఇంతటితో కథ ముగియలేదు. టెక్సాస్‌లోని ఒక కౌంటీలో తెల్లవారి సంఘమొకటి ప్రైమరీకి ముందే తమలో తాము మరియొక ఎన్నిక జరుపుకొని, గెలిచినవానిని ప్రైమరీకి పంపుచుండెను. దానిని కొట్టివేయుటకు 1953 వరకు ఆగవలసి వచ్చెను.

1964లో మిసిసిపీ రాష్ట్రమున ఇదియే మరియొక రూపమున కనబడెను. జాతీయ మహాసభకు ప్రతినిధులను ఎన్నుకొను మెట్టులలో అట్టడుగుది పోలింగు ప్రాంతపు పార్టీ సమావేశము. ఆ సమావేశములకు పోయిన నల్లజాతివారిని రానీయలేదు. వారు తమ సొంత సమావేశములు జరుపుకొని, ప్రతినిధులను ఎన్నుకొని, అట్లాంటిక్ సిటీ మహాసభకు పంపిరి. అచ్చట ఫానీ లూ హేమర్ అను వ్యవసాయ కూలీ స్త్రీ, ఓటరుగా నమోదు కాబోయినందుకు తాను పనిని పోగొట్టుకొని, జైలులో దెబ్బలు తిన్న వైనము టెలివిజన్ ఎదుట చెప్పెను. పార్టీ వారికి 2 స్థానములు ఇవ్వజూపెను. వారు వలదనిరి. వివక్ష చూపి ఎన్నికైన ప్రతినిధి బృందమునకు ఇకపై చోటులేదను నియమము మాత్రము ఆ మహాసభ నుండి మిగిలినది.

ఇప్పుడు మసాచుసెట్స్ పత్రముపై అధ్యక్షుని పేరు క్రింద మిగిలిన భాగమునకు వత్తుము. అచ్చట మూడు వరుసలు గలవు. పార్టీ రాష్ట్ర కమిటీకి ఒక పురుషుని, ఒక స్త్రీని ఎన్నుకొనవలెను. రాష్ట్ర సెనేటు నియోజకవర్గములు 40. ఒక్కొక్కదాని నుండి ఇద్దరు. చివరి వరుస పట్టణ కమిటీ, నగరమైనచో వార్డు కమిటీ. ఇందులో 35 మంది వరకు ఉండవచ్చును. ఒక జట్టుగా నిలిచినవారి కందరికి ఒక్క గడి నింపినను చాలును, విడివిడిగా నింపినను సరియే. ఈ కమిటీలకు 4 ఏండ్ల కొకసారి, అధ్యక్ష ప్రైమరీ నాడే ఎన్నిక జరుగును.

ఈ కమిటీ చేయు పని పైకి కనబడదు. ఇల్లిల్లు తిరుగుట, కుర్చీలు సర్దుట, చందాలు వసూలు చేయుట అందులో అధికము. కాని పార్టీ రాష్ట్ర మహాసభకు ప్రతినిధులను ఎన్నుకొను స్థానిక సభ జరిపించునది ఈ కమిటీయే. గవర్నరు వంటి రాష్ట్ర పదవులకు పోటీ చేయదలచినవాడు ఆ మహాసభలో 15 శాతము మద్దతు తెచ్చుకొనకున్నచో అతని పేరు ప్రైమరీ పత్రముపైకే రాదు. పట్టణ కమిటీ సమావేశమునకు వచ్చిన కొద్దిమంది చేయి ఎత్తుట వలన గవర్నరు కాగోరువాని పేరు నిలుచుటయో, పోవుటయో జరుగుచున్నదన్న మాట.

పార్టీలోపలి ఎన్నికల ముచ్చట మనకును లేకపోలేదు. 1972 తరువాత కాంగ్రెసు పార్టీలో సంస్థాగత ఎన్నికలు 20 ఏండ్లు ఆగి, 1992లో మన తిరుపతి మహాసభ నాటికి జరిగినవి. పి.వి. నరసింహారావు అధ్యక్షులు. కార్యవర్గమునకు ఎన్నికైనవారిలో స్త్రీలుగాని, షెడ్యూల్డు కులముల, తెగలవారుగాని లేరన్న కారణముపై ఎన్నికైనవారిచే రాజీనామా చేయించి, కార్యవర్గమును మరల ఏర్పరచిరి. కారణము న్యాయమైనదే. అయినను ఓటు ద్వారా వచ్చినది నియామకము ద్వారా సవరింపబడినది. మసాచుసెట్స్ పత్రముపై పురుషునకు ఒక వరుస, స్త్రీకి ఒక వరుస ముందే గీసియుంచుటలోని తెలివి మాకు అప్పుడు బోధపడినది.

మా పినతండ్రిగారిని చివరకు ఒక మాట అడిగితిమి: పట్టణ కమిటీకి ఎవరికి వేసినారని. కొంతసేపు మాటాడలేదు. “బేటా, ఇన్నేళ్ళుగా పైన ఒక్క గడి నింపి వచ్చేస్తున్నాను. కింద పేర్లెవరివో నాకు తెలియవు” అనిరి. మరుసటి వారము వారే ఫోను చేసిరి. ఆ జాబితా తెప్పించుకొని చూచిరట. 35 స్థానములకు పేర్లు పూర్తిగా నిండనే లేదట. ఉన్న పేర్లలో రెండు వారి వీధివారివేనట. ఖాళీలను కమిటీవారే నింపుకొనవచ్చునట. వచ్చు సమావేశము ఎప్పుడో కనుగొని చెప్పమని ఆ పొరుగువారి తలుపు తట్టి వచ్చినానని చెప్పి, పిన్నిగారు భోజనమునకు పిలుచుచున్నారని ఫోను పెట్టివేసిరి.