తెల్లగా ఉన్నదంతా మంచుజంతువేనా?

కోల్‌కతాలోని అలీపూర్ జంతుప్రదర్శనశాలలో తెల్లపులిని చూసినవారు అది మంచుప్రదేశపు జంతువు కాబోలు అనుకుంటారు. మీరూ అలాగే అనుకున్నారా?

తెల్లపులి వేరే జాతి కాదు, బెంగాల్ పులే. ఒక జన్యువులో వచ్చిన మార్పువల్ల దాని రోమాలలో పసుపు వర్ణకం ఏర్పడదు. 1951లో రీవా అడవిలో పట్టుబడిన మోహన్ అనే తెల్లపులిని దాని కూతురు రాధతోనే జతకట్టించి, 1958లో తెల్లపిల్లలను పుట్టించారు. రంగు కోసం చేసిన ఈ పని పులికి మేలు చేసేది కాదు. తెలుపు రంగు చలిని ఆపదు కూడా.

ఇప్పుడు ధ్రువప్రాంతంలో ఒక పెద్దపులిని ఊహించండి. అటువంటిది లేదు. దాని శరీరం ఎలా ఉండాలో హిమాలయాల మంచుచిరుతను చూస్తే కొంత తెలుస్తుంది. దాని పొట్టమీద రోమాలు సుమారు 12 సెం.మీ. పొడవుంటాయి. చెవులు చిన్నవి కనుక శరీరంలోని వేడి తక్కువగా పోతుంది. వెడల్పైన పాదాలు మెత్తని మంచులో దిగబడవు. పడుకున్నప్పుడు, మనం గొంగళి కప్పుకొన్నట్లు, పొడవాటి తోకను ముఖానికి చుట్టుకుంటుంది.

అయినా ధ్రువప్రాంతంలో అది బతకడం కష్టమే. సముద్రపు మంచుపై సీళ్ళను వేటాడే ధ్రువపు ఎలుగుబంటికి చర్మం కింద మందమైన కొవ్వుపొర ఉంటుంది, ఈత బాగా వస్తుంది. మంచుచిరుత కొండగొర్రెల, కొండమేకల వేటకు అలవాటుపడినది.

చేసి చూడండి: మీరు ఊహించిన ధ్రువపు పులి బొమ్మ గీసి, ఒక్కొక్క అవయవం పక్కన దాని అనుకూలనాన్ని రాయండి. అది ఏమి తింటుందో కూడా రాయండి.