పిల్లి నోటికి చిక్కని బల్లి

కరీబియన్ సముద్రములోని గ్రాండ్ కేమన్ దీవియందు తప్ప మరెచ్చటను సహజముగా పుట్టని బల్లిజాతి నీలి ఇగ్వానా. అయిదడుగుల వరకు పెరుగును. చూపునకు మన ఉడుమువలె నుండును. కాని ఆకులు, పండ్లు మేయు సాధుజీవి. 2002లో అడవిలో మిగిలినవి 25కు మించవని అంచనా వేసిరి. రోడ్లు, కుక్కలు ఒక యెత్తు, పిల్లి ఒక యెత్తు. ఎదిగిన ఇగ్వానా పిల్లికి లొంగదు. గ్రుడ్డు వెడలిన కూన తప్పించుకొనజాలదు. కావున అచ్చటి నేషనల్ ట్రస్టువారు కూనలను బోనులలో రెండేండ్లు పెంచి, పిల్లి నోటికి పట్టనంత యెదిగిన పిమ్మట అడవిలో విడుచుచు వచ్చిరి. మాకు ముచ్చట గొలిపినది, ఆనవాలుకై మెడమీది తురాయికి రంగుపూసలు కట్టుట! 2018లో వేయవదానిని విడిచిరి. అడవిలోనే పుట్టిన కూనకు మాత్రము పిల్లి భయమింకను తీరలేదు.