బ్రిటన్ సేద్యంలో పంట, పశువు, యంత్రం: దిగుబడి కంటే మిగులుకే ప్రాధాన్యం

యునైటెడ్ కింగ్‌డమ్ భూభాగంలో దాదాపు 70 శాతం, అంటే సుమారు 1.7 కోట్ల హెక్టార్లు, వ్యవసాయ వినియోగంలో ఉన్నది. ఈ భూమిని సాగుచేసే రైతు ఏటా మూడు ప్రధాన నిర్ణయాలు తీసుకోవలసి ఉంటుంది. ఏ పొలంలో ఏ పంట వేయాలి? ఎన్ని పశువులను ఏ పద్ధతిలో పోషించాలి? యంత్రాన్ని సొంతంగా కొనాలా, కిరాయికి తెచ్చుకోవాలా? ప్రభుత్వ చెల్లింపులు నిలకడగా అందిన కాలంలో ఈ నిర్ణయాలు బెడిసినా ఆ సొమ్ము నష్టాన్ని కొంతవరకు పూడ్చేది. ఇంగ్లాండులో ఆ ఆసరా తొలగిపోతున్నందున ప్రతి నిర్ణయమూ తన లెక్క మీదనే నిలబడవలసిన పరిస్థితి ఏర్పడింది.

తొలగుతున్న ఆసరా

యూరోపియన్ యూనియన్ ఉమ్మడి వ్యవసాయ విధానం కింద రైతులకు ప్రధానంగా భూమి విస్తీర్ణాన్ని బట్టి నేరుగా సొమ్ము అందేది. యూనియన్ నుంచి వైదొలగిన అనంతరం ఇంగ్లాండులో ఈ చెల్లింపులను 2021 నుంచి 2027 వరకు దశలవారీగా తొలగించేందుకు ప్రణాళిక రూపొందింది. 2025 సంవత్సరానికి తొలి 30,000 పౌండ్లపై 76 శాతం కోత విధించగా, అంతకు మించిన మొత్తానికి చెల్లింపును పూర్తిగా నిలిపివేశారు. పర్యావరణ పరిరక్షణ పనులకు ప్రతిఫలం చెల్లించే సుస్థిర వ్యవసాయ ప్రోత్సాహక పథకం 2022లో ప్రారంభమైంది. అయితే 2025 మార్చి 11న కొత్త దరఖాస్తుల స్వీకరణను ముందస్తు గడువు ఇవ్వకుండానే ఆపివేయడంతో, దానిని నమ్ముకుని ప్రణాళిక వేసుకున్న పలువురు రైతులు ఇబ్బందులకు లోనయ్యారు. కాగా, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లు తమ వ్యవసాయ విధానాలను తామే రూపొందించుకుంటున్నవి.

పంట ఎంపికలో పొలం చరిత్ర

తూర్పు ఇంగ్లాండులో వర్షపాతం తక్కువ కావడంతో ధాన్యపు పంటలు, వర్షాలు అధికంగా ఉండే పశ్చిమ ప్రాంతంలో పచ్చిక, పశుపోషణ స్థిరపడినవి. గోధుమ సగటు దిగుబడి హెక్టారుకు సుమారు 8 టన్నులు. ఒకే పొలంలో వరుసగా గోధుమ వేసినట్లయితే వేరును కుళ్లబెట్టే శిలీంధ్ర తెగులు ప్రబలి రెండవ ఏడాది దిగుబడి తగ్గుతుంది. అందువలన మధ్యలో చిక్కుడు జాతి పంట గానీ, ఆవ జాతికి చెందిన రేప్‌సీడ్ గానీ వేయడం ఆనవాయితీ.

అయితే రేప్‌సీడ్ సాగు ఇటీవలి కాలంలో సాహసంగా మారింది. 2012లో ఈ పంట సుమారు 7.5 లక్షల హెక్టార్లలో ఉండేది. విత్తనశుద్ధికి వాడే నియోనికోటినాయిడ్ మందులపై 2013 డిసెంబరులో ఆంక్షలు అమలులోకి వచ్చిన తరువాత, మొలకలను తినివేసే పెంకు పురుగు బెడద పెరిగింది. 2024 నాటికి సాగు విస్తీర్ణం సగానికన్నా తక్కువకు పడిపోయింది.

బ్లాక్‌గ్రాస్ అనే కలుపు మరొక సమస్య. కలుపు మందులను తట్టుకునే రకం 1982లోనే అక్కడ బయటపడింది. ఈ కలుపు విత్తనాలలో అధిక భాగం శరదృతువులో మొలకెత్తుతున్నందున, రైతులు గోధుమ విత్తడాన్ని సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్యకు వాయిదా వేసి, ఈలోగా మొలిచిన కలుపును నాశనం చేస్తారు. కొందరు వసంతకాలపు బార్లీకి మారుతున్నారు. దిగుబడి కొంత తగ్గినా మందుల ఖర్చు కలసివస్తుంది.

విత్తడాన్ని వాయిదా వేయడంలో మరో ప్రమాదం పొంచి ఉన్నది. వానలు ముందుగా కమ్ముకుంటే బంకనేలలోకి ట్రాక్టరు దిగదు. ఇంగ్లాండులో 2022 అక్టోబరు నుంచి 2024 మార్చి వరకు గల 18 నెలలు, 1836 నుంచి గల నమోదులలో అత్యధిక వర్షపాతం కురిసిన కాలం. ఫలితంగా 2024లో యునైటెడ్ కింగ్‌డమ్ గోధుమ ఉత్పత్తి 20 శాతం తగ్గి 1.11 కోట్ల టన్నులకు పరిమితమైంది. మరుసటి వసంతం ఇంగ్లాండులో వందేళ్లకు పైగా ఎరుగని పొడి వసంతంగా నమోదైంది.

పశుపోషణలో మేత, కాలం

గొర్రెల పెంపకంలో కొండ, మెట్ట, పల్లపు భూముల మధ్య అంచెల ఏర్పాటు ఉన్నది. ఉత్తరాది కొండలపై కొన్ని ఈతలు ఈనిన స్వేల్‌డేల్ గొర్రెలను దిగువకు తెచ్చి బ్లూఫేస్డ్ లెస్టర్ పొట్టేలుతో దాటిస్తారు. వాటికి పుట్టిన మ్యూల్ ఆడగొర్రెలను పల్లపు రైతులు కొని, టెక్సెల్ లేక సఫోక్ పొట్టేళ్లతో కలిపి మాంసపు పిల్లలను పొందుతారు.

గొర్రె చూడి కాలం సుమారు 147 రోజులు. నవంబరు తొలి వారంలో పొట్టేలును మందలో వదిలినట్లయితే ఏప్రిల్ ఆరంభంలో, పచ్చిక చిగురించే అదనుకు, ఈతలు మొదలవుతవి. జనవరిలోనే ఈనిస్తే పిల్లలకు మంచి ధర పలికే అవకాశం ఉన్నప్పటికీ కొట్టం, దాణా, కూలీల ఖర్చు పెరుగుతుంది. స్కానింగ్ ద్వారా ఒంటి పిల్ల, కవల పిల్లలు గల గొర్రెలను వేరు చేసి తగిన మేరకే దాణా పెట్టడం వలన వృథా తగ్గుతున్నది.

పాడి రైతులు లింగ నిర్ధారిత వీర్యంతో మేలైన ఆవుల నుంచి పెయ్య దూడలను పొంది, మిగిలిన ఆవులకు ఆంగస్ వంటి మాంసపు జాతుల వీర్యాన్ని వాడుతున్నారు. తద్వారా కోడె దూడకూ ధర లభిస్తున్నది. పశువులను బయట నుంచి కొనడమా, సొంతంగా పెంచుకోవడమా అన్నది కూడా కీలకమే. మందలో క్షయ బయటపడితే ఆ పశువును వధించి, మిగిలిన వాటి తరలింపుపై ఆంక్షలు విధిస్తారు. 2001లో గాలికుంటు వ్యాధి కారణంగా 60 లక్షలకు పైగా పశువులను వధించవలసి వచ్చింది. కొనుగోలు ధరతో పాటు వ్యాధి ప్రమాదాన్ని కూడా రైతు లెక్కలో చేర్చవలసి ఉంటుంది.

యంత్రం: కొనుగోలా, కిరాయా?

కోత యంత్రం ఏడాదిలో కొద్ది వారాలే పనిచేస్తుంది. తరుగుదల, వడ్డీ, బీమా మాత్రం ఏడాది పొడవునా పడుతూనే ఉంటవి. ఉదాహరణకు ఈ స్థిర వ్యయం ఏటా 40,000 పౌండ్లు, ఇంధనం, డ్రైవరు వేతనం హెక్టారుకు 30 పౌండ్లు, కిరాయి హెక్టారుకు 120 పౌండ్లు అనుకుందాం. సొంత యంత్రం గిట్టుబాటు కావాలంటే సుమారు 445 హెక్టార్ల కోత ఉండాలి. అంతకన్నా తక్కువ విస్తీర్ణం గల రైతుకు కిరాయి లేదా పొరుగువారితో ఉమ్మడి కొనుగోలు మేలు.

అయితే ఈ లెక్కలో అదను విలువ కూడా చేరుతుంది. ధాన్యం నిల్వకు తేమ దాదాపు 15 శాతానికి లోపు ఉండాలి. వాన ముంచుకొస్తున్న వేళ కిరాయి యంత్రం పొరుగు పొలంలో ఉంటే గింజ నాణ్యత దెబ్బతిని, రొట్టె గోధుమ దాణా గోధుమ ధరకు అమ్ముకోవలసి వస్తుంది. ఈ చిక్కును తగ్గించేందుకు రైతులు సభ్యులుగా ఉండే యంత్ర సమాఖ్యలు ఏర్పడినవి. ఒకరి వద్ద ఖాళీగా ఉన్న యంత్రాన్ని, మనిషిని అవసరమైన మరొకరికి సమకూర్చడం వీటి పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని యంత్రాల అద్దె కేంద్రాల వెనుక ఉన్న ఆర్థిక సూత్రం కూడా ఇదే.

లెక్కల పుస్తకమే ఆధారం

పంటల వారీగా రాబడి నుంచి విత్తనం, ఎరువు, మందుల ఖర్చును తీసివేసి స్థూల మిగులును తేల్చే పద్ధతి బ్రిటన్‌లో చిరకాలంగా వాడుకలో ఉన్నది. వై కళాశాలకు చెందిన జాన్ నిక్స్ 1966లో తొలిసారి వెలువరించిన వ్యవసాయ నిర్వహణ కరదీపిక ఇందుకు నేటికీ ప్రామాణికంగా ఉన్నది. అయితే యంత్రాలు, కౌలు, కుటుంబ శ్రమ ఆ మిగులులో కనిపించవు. వీటిని కూడా తీసివేసి చూసినప్పుడే ఏ పొలం రైతును పోషిస్తున్నదో, ఏ పొలాన్ని రైతే పోషిస్తున్నాడో తేలుతుంది. చెల్లింపులు తగ్గుతున్న వేళ ఈ తేడాను సకాలంలో గుర్తించడం మీదనే పలు కుటుంబ కమతాల మనుగడ ఆధారపడి ఉన్నది.