ఇల్లు కొనుటకు ముందు చెదల తనిఖీ: ఖర్చెంత, లాభమెంత?

ఎద్దును కొనునపుడు రైతు పళ్ళు చూచును, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచును. పొలము కొనునపుడు మన్ను త్రవ్వి చూచును, బావిలో నీరెంత ఉన్నదో చూచును. కాని పిల్లల చదువు కొరకు పట్టణములో ఇల్లు కొనునపుడు వీధిని, గోడల రంగును, దస్తావేజులను చూచి బయానా ఇచ్చుచున్నాడు. ఆ ఇంటి ద్వారబంధములలో, దూలములలో చెద ఉన్నదా అని చూచువారు అరుదు. ఈ తనిఖీకి ఏమి ఖర్చగును, అందులో ఏది అవసరము, ఏది దండుగ అను విషయములను ఇచ్చట తెలుపుచున్నాము.

నష్టము ఎవరిది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, వేరే ఒప్పందము లేనిచో, అమ్మువాడు తనకు తెలిసిన ముఖ్యమైన లోపమును కొనువానికి చెప్పవలెను. అయితే కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేని లోపములకు మాత్రమే ఈ నియమము వర్తించును. గోడ మీద కంటికి కనబడుచున్న చెదబాటను మీరు చూడక కొనినచో, తరువాత అమ్మినవానిని నిలదీయుట కష్టము. కావున తనిఖీ ఖర్చును కొనువాడే పెట్టుకొనవలెను. అదియు బయానా ఇచ్చుటకు ముందే జరుగవలెను.

ఖర్చును తూచు విధము

లెక్క చూపుటకు మాత్రమే కొన్ని అంకెలు వేసికొందము. తనిఖీ రుసుము రూ. 1,500 అనుకొనుడు. చెద తినిన నాలుగు ద్వారబంధములను మార్చుటకు కలప, వడ్రంగి కూలి, మేస్త్రీ కూలి కలిపి రూ. 60,000 అగుననుకొనుడు. రెండవ మొత్తము మొదటి దానికి 40 రెట్లు. అనగా, మీరు చూచు ఇండ్ల వంటివి నలువదింటిలో ఒక్కదానికి అట్టి చెద ఉన్నను రుసుము దండుగ కాదు. మీ ఊరి ధరలను వేసికొని ఇదే విధముగా చూచుకొనుడు. ఇంటిలో కలప ఎంత ఎక్కువగా ఉన్నచో, తనిఖీకి అంత విలువ ఉండును.

మీరే చేయదగిన తనిఖీ

మొదటి తనిఖీకి ఒక పూట కాలము, ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు చాలును. ఇండ్లకు నష్టము చేయు చెద సామాన్యముగా నేలలో నుండి వచ్చును. దానికి తేమ కావలెను. వెలుతురు, పొడిగాలి పనికిరావు. అందుచేత మట్టితో కప్పు వేసికొని, దాని చాటున ప్రయాణము చేయును. ఈ మట్టిబాటయే మనకు ఆనవాలు.

1. ఇంటి చుట్టు తిరిగి పునాది గోడను చూడవలెను. పెన్సిలు లావు మట్టిబాటలు కనబడిన, ఒక అంగుళము మేర చిదిపి చూడవలెను. తెల్లని పురుగులు కనబడినను, రెండు మూడు దినములలో ఆ భాగము తిరిగి పూడినను చెద బ్రతికి ఉన్నట్లే. బాట ఎండి ఖాళీగా ఉన్నంత మాత్రమున చెద పోయినదని అనుకొనరాదు. అది వేరొక దారి పట్టి ఉండవచ్చును.

2. ద్వారబంధముల అడుగు భాగమును స్క్రూడ్రైవరు పిడితో తట్టవలెను. బోలు చప్పుడు వచ్చిన చోట మొనతో గ్రుచ్చి చూడవలెను. చేవగల టేకు చెదకు చాలవరకు తట్టుకొనును; తెల్లచెక్క, మామిడి కలప తట్టుకొనలేవు.

3. తక్కిన ఇల్లు పాత రంగుతో ఉండి, గుమ్మముల అడుగున మాత్రమే క్రొత్త రంగు, క్రొత్త సిమెంటు ఉన్నచో కారణము అడుగవలెను.

4. స్నానపు గది గోడకు అవతలి వైపు, అటక మీద, గోడలోని అలమరల వెనుక, గోడలో దిగిన దూలముల చివరలలో తప్పక చూడవలెను.

5. కిటికీల వద్ద రాలిన రెక్కలు పోగుపడి ఉన్నవా చూడవలెను. తొలకరి వానకు దీపముల చుట్టు మూగు ఉసుళ్ళు చెదలే. ఇంటిలోపల నుండియే అవి వెలువడినచో పుట్ట దగ్గరలో ఉన్నట్లు గ్రహింపవలెను.

వెదురు, కలప క్రింద పిండి వంటి పొడి రాలి, చెక్కలో గుండుసూది పాటి రంధ్రములు కనబడినచో అది చెద కాదు, కలపను తొలుచు పెంకుపురుగు. దానికి నేలలో మందు పోయుట డబ్బును నేలపాలు చేయుటయే.

రుసుము ఎప్పుడు ఇవ్వవలెను?

పై గుర్తులలో ఏదైన కనబడినను, కలప అంతయు పలకల చాటున మూసి ఉన్నను తెలిసినవానికి రుసుమిచ్చి చూపించుట మంచిది. పలువురు వ్యాపారులు తనిఖీ ఉచితమందురు. ఉచితముగా చూచువాడు మందు అమ్ముకొని బ్రతుకవలెను. చెద లేదని చెప్పిన అతనికి గిట్టదు. కావున తనిఖీకి వేరుగా రుసుము మాట్లాడుకొని, మందు పని అతనికే ఇచ్చెదమను మాట ఇవ్వకుండుట మేలు. అతడు చూచిన చోట్లు, చూడలేకపోయిన చోట్లు, పురుగు ఏది, బ్రతికి ఉన్నదా, ఎన్ని లీటర్ల మందు నీరు పట్టును అనునవి కాగితము మీద వ్రాయించుకొనవలెను. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారము మందు కొట్టు వ్యాపారికి లైసెన్సు ఉండవలెను. దానిని అడిగి చూడుడు.

మందు ధర న్యాయమైనదా?

కట్టిన ఇండ్లకు భారతీయ ప్రమాణము ఐ.యస్. 6313 మూడవ భాగము వర్తించును. దాని ప్రకారము వెలుపలి గోడ వెంట మీటరుకు 2.25 లీటర్ల మందు నీరు పోయవలెను. ఇల్లు 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు అయినచో చుట్టుకొలత 36 మీటర్లు. 81 లీటర్లు పట్టును. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతము మందును లీటరు నీటికి 2.1 మి.లీ. చొప్పున కలిపినచో సుమారు 170 మి.లీ. మందు చాలును. ఇంటిలోపల గోడ, నేల కలియు చోట 30 సెంటీమీటర్లకు ఒక రంధ్రము చేసి పోయుటకు అయ్యెడిది దీనికి అదనము. ఒక చిన్న పంపుతో గోడల మీద చల్లి పోవువానికి పూర్తి ధర ఇవ్వరాదు. బావి దగ్గర నేలలో మందు పోయనీయరాదు. పొలములో మిగిలిన మందును ఇంటిలో వాడరాదు. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ మందులు మన దేశములో నిషేధింపబడినవి.

ఉన్న ఇంటికి కూడ

ఏటేట తొలకరి తరువాత ఒక పూట ఇదే విధముగా సొంత ఇంటిని చూచుకొనవలెను. కట్టెల మోపులను గోడకు ఆనించి పేర్చరాదు. పెరటిలో చెట్టు కొట్టినపుడు మొద్దును వేళ్ళతో తీసివేయవలెను. కారుచున్న కుళాయిని వెంటనే బాగుచేయింపవలెను. వీనికి రుసుము లేదు.

చెద ఉన్నంత మాత్రమున ఇంటిని వదులుకొననక్కరలేదు. బాగుచేతకు, మందుకు అగు ఖర్చును కాగితము మీద వేసి, ఆ మేరకు ధర తగ్గించుమని అడుగవచ్చును. బయానాకు ముందు అయినచో ఈ మాట చెల్లును. దస్తావేజు వ్రాసిన తరువాత ఆ ఖర్చు మీదే.