మోకాలి చూపు తుంటి చేతిలో

సంక్రాంతికి తిరువూరు వైపు పల్లెల్లో కబడ్డీ జరిగితే, చూసేవాళ్ల కళ్లన్నీ కూతకు వెళ్లినవాడి చేతుల మీదే ఉంటాయి. ఈసారి అతని మోకాలు చూడండి. ఒంటికాలి మీద గిరుక్కున తిరిగినప్పుడు కొందరి మోకాలు పాదానికి సూటిగా నిలుస్తుంది. కొందరిది లోపలికి వాలిపోతుంది. ఆ వాలు చాలాసార్లు మోకాలిలో పుట్టింది కాదు.

మోకాలికి బాగా తెలిసిన పని ముడుచుకోవడం, చాచుకోవడం. తొడ ఎముకను తిప్పేదీ నిలిపేదీ తుంటి. ఒంటికాలిపై నిలబడితే ఆ ఎముక తల త్రాసు ముల్లులా మధ్యలో ఉంటుంది. లోపలి వైపు ఒంటి బరువు వేలాడుతుంది. బయటి వైపు, సుమారు సగం దూరంలోనే, పిరుదు పక్కనుండే గ్లూటియస్ మీడియస్ కండరం దాన్ని లాగి పడుతుంది. దూరం సగమైతే లాగుడు రెట్టింపు కావాలి. అరవై కిలోల కుర్రాడికి, నిలిచిన కాలు తీసేస్తే, మిగిలే బరువు యాభై. కండరం లాగాల్సింది ఇంచుమించు నూరు కిలోలు!

అది చాలకపోతే రెండో పక్క నడుం జారుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే దీన్ని వివరించాడు. తొడ లోపలికి తిరిగి, మోకాలు దాని వెంట పోతుంది. జారకుండా ఒళ్లంతా నిలిచిన కాలి వైపు వాల్చినా చిక్కే. బరువు మోకాలికి బయటగా పడి, దాన్ని లోపలికే నెడుతుంది. పొట్ట, నడుం కండరాలు గట్టిగా ఉండాల్సింది ఇందుకే.

అమెరికాలో హ్యూయెట్ బృందం 205 మంది క్రీడాకారిణులు దూకి దిగే తీరు ముందే కొలిచి, 2005లో ఫలితాలు ప్రకటించింది. తర్వాత మోకాలిలోని ముందు క్రూసియేట్ లిగమెంటు (ACL) తెగిన తొమ్మిది మందిలో ఈ లోపలి వాలు మిగతావారికన్నా ఎక్కువగా ఉంది. ఆ లిగమెంటు విలువ మన పుల్లెల గోపీచంద్‌కు తెలుసు. 1994లో అది తెగాక, శస్త్రచికిత్సలు దాటుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. ఆయన గాయానికి తుంటే కారణమని నేననను.

మీ మోకాలు ఎటు వాలుతుందో చూసుకోవాలంటే, అరుగు అంచున ఒంటికాలిపై నిలబడి, రెండో మడమ నేలకు తాకేదాకా మెల్లగా దిగండి. ఎదుటివారిని ఫోన్లో వీడియో తీయమనండి. మోకాలు బొటనవేలు దాటి లోపలికొస్తే, పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని నడుం లేపడం మొదలుపెట్టండి. కండబలం ఒక్కటే చాలదు, సరిగా దిగడమూ సాధన చేయాలి. నొప్పీ వాపూ ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

వ్యాయామ ఉపాధ్యాయులకో మనవి: పిల్లల చేత బస్కీలు తీయించేటప్పుడు లెక్కతో పాటు మోకాళ్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి.