సేద్యపు కుంట

సేద్యపు కుంట అనగా రైతు తన సొంత భూమిలో వాన నీటిని నిల్వ చేసుకొనుటకు త్రవ్వించుకొనే చిన్న జలాశయము. దీనిని నీటి కుంట, పంట కుంట అని, ఆంగ్ల పదముతోనే ఫారం పాండ్ అని కూడా వ్యవహరిస్తారు. చెరువు ఊరందరిది, సేద్యపు కుంట ఒక కమతమునకు చెందినది. తెలంగాణలో భూమి కొలతగా వాడే గుంట (ఎకరములో 40వ వంతు) వేరు, ఇది వేరు.

అవసరము

అనంతపురం ప్రాంతములో సగటు వార్షిక వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఇందులో చాలా భాగము కొద్ది రోజులలోనే కురిసి వాగుల పాలవుతుంది. ఆపై వారాల తరబడి చినుకు ఉండదు. వేరుశనగ ఊడలు దిగే దశలో గాని, కాయ ఊరే దశలో గాని ఈ బెట్ట వస్తే పెట్టుబడి మొత్తము పోతుంది. అటువంటి సమయములో ఒక్క తడి ఇవ్వగలిగితే పంట నిలుస్తుంది. కుంట ప్రయోజనము ఆ ఒక్క తడియే. దీనిని నమ్ముకొని వరి వేయుట తగదు.

పరిమాణము

పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అడుగున 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు గల కుంటలో సుమారు 146 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. ఎకరమునకు 20 మిల్లీమీటర్ల తడి ఇచ్చుటకు 81 ఘనపు మీటర్లు కావలెను. అనగా లెక్క ప్రకారము ఎకరమున్నరకు పైగా ఒక తడి వస్తుంది. అయితే రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరి అయినా నిండు కుంట నుండి 600 లీటర్లు గాలిలో కలుస్తాయి. భూమిలోనికి ఇంకిపోయేది దీనికి అదనము.

ఇంకుడును నిర్ణయించేది నేల స్వభావము. నల్లరేగడిలో నీరు చాలాకాలము నిలుస్తుంది. ఎర్ర చెలకలలోను, గరప నేలలలోను త్వరగా ఇంకిపోతుంది. అక్కడ 6 లేదా 8 పాళ్ల జల్లించిన మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి పూత వేస్తారు, లేదా 500 మైక్రాన్ల ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. భూగర్భజలము పెంచుటయే ఉద్దేశమైతే పూత అక్కరలేదు.

నిర్మాణము

పొలములోని నీరు సహజముగా చేరే పల్లపు చోటును ఎన్నుకొంటారు. గోడలను నిటారుగా కాక వాలుగా త్రవ్వుతారు. త్రవ్విన మట్టిని అంచునే పోస్తే మొదటి పెద్ద వానకే తిరిగి కుంటలో పడుతుంది. కనుక కనీసము ఒక మీటరు దూరము విడిచి కట్ట పోసి దిమ్మిస కొట్టవలెను. నీరు వచ్చే దారిలో పూడిక గుంట ఒకటి, మిగులు నీరు పోవుటకు రాతి పరుపుతో అలుగు ఒకటి తప్పనిసరి. అలుగు లేని కుంటకు కట్ట తెగుట ఎంతో కాలము పట్టదు.

కట్టపై గడ్డి పెంపకము

కొత్త కట్టకు గడ్డియే రక్ష. త్రవ్వకములో పైకి వచ్చిన అడుగు మట్టిలో సారము ఉండదు, కాబట్టి గడ్డి పట్టుట కష్టము. త్రవ్వకమునకు ముందే పై పొర మట్టిని వేరుగా తీసి ఉంచి, చివర కట్ట మీద పరచుట మంచి పద్ధతి. చాలామంది ఈ పనిని విస్మరించి, తరువాత విత్తనమును నిందిస్తారు.

కట్ట వాలుకు అడ్డముగా, సమతల రేఖ వెంబడి వట్టివేరు పిలకలను 10 నుండి 15 సెంటీమీటర్ల ఎడముతో నాటుతారు. దీని వేర్లు అడ్డముగా ప్రాకక నిలువుగా లోతునకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. ముదిరిన ఆకును పశువులు అంతగా ముట్టవు. వరుసల మధ్య గరిక కణుపులను నాటితే నేలను అల్లుకొంటుంది. కాని అది పక్క చేలలోనికి ప్రాకితే వదిలించుట కష్టము. మేత కావలసినవారు అంజన్ గడ్డి, స్టైలో చల్లుతారు. అంజన్ విత్తనము నూగుతో తేలికగా ఉండి గాలికి ఎగిరిపోతుంది. తడి ఇసుకతో కలిపి చల్లి, పలుచగా మట్టి కప్పవలెను. స్టైలో గడ్డి కాదు, పప్పుజాతి మొక్క. దాని గింజ పెంకు గట్టిది. కొద్ది నిమిషములు వేడి నీటిలో ఉంచి తీస్తే మొలక బాగా వస్తుంది.

నాటుటకు అనువైన కాలము తొలకరి. మొదటి ఏడాది పశువులను కట్ట మీదకు రానీయరాదు; రెండవ ఏడాది నుండి కోసి మేపవచ్చును. కట్ట మీద పెద్ద చెట్లు పెంచరాదు. చెట్టు చచ్చిన తరువాత వేర్లు కుళ్లి, ఆ దారిన నీరు కారుతుంది. నీరు కుంటలోనికి దిగే దారిలో గడ్డి దట్టముగా ఉంటే వేగము తగ్గి, ఒండ్రు అక్కడే ఆగుతుంది.

ప్రమాదములు

ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయే ప్రమాదము ఉన్నది. ప్లాస్టిక్ పరచిన కుంటలు మరింత అపాయకరము. తడిసిన పట్టా మీద కాలు నిలువదు, ఈత వచ్చినవారు కూడా పైకి ఎక్కలేరు. చుట్టూ కంచె, ఒక వైపు మెట్లు, లోపలికి వ్రేలాడే ముడులు వేసిన మోకు ఉండవలెను.

ప్రభుత్వ పథకములు

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. ఈ పథకము క్రింద ఆంధ్ర ప్రాంతములోను, తెలంగాణలోను అనేక కుంటలు త్రవ్వబడినవి. తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ పనిని పంట సంజీవని అను పేరుతో చేపట్టినది. పైన కుంటలు మరీ ఎక్కువైతే దిగువ చెరువునకు నీరు తగ్గుతుందన్న అభ్యంతరము కూడా ఉన్నది. వానలు తక్కువైన ఏట ఆయకట్టు రైతులకు ఇది చిన్న విషయము కాదు.