పిల్లవాని ప్రశ్న

సాయంకాలము పొలముపనులు ముగిసి నలుగురు పెద్దలు రచ్చబండమీద కూడినప్పుడు, వానలు, పంటలు, ధరలు అను విషయములైన పిమ్మట, తఱచుగా ఒక వింత ప్రశ్న బయలుదేరుచుండును. మెఱుపు ముందుగా కనబడి ఉఱుము తరువాత వినబడుటేల? సముద్రపు నీరు దోసిట పట్టిన రంగులేనిదై, దూరమునుండి చూచిన నీలముగా నుండుటేల? ఒకరొకటి చెప్పుదురు, మఱియొకరు కాదందురు. కొంతసేపటికి ఒక పెద్దమనిషి కండువా దులుపుకొని లేచి, "ఇవన్నియు మనకెందుకయ్యా?" అనును. దానితో సభ ముగియును. ఆ "మనకెందుకు" అను మాటను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా నా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. నేను బడిలో తెలుగు చెప్పినవాడను. చిన్ననాట తర్కవ్యాకరణములను గురుముఖమున చదివినవాడను. ఉద్యోగములో కుదిరిన క్రొత్తలో ఎనిమిదవ తరగతికి ఒక పద్యమును బోధించుచు, ఆకాశమునకు శబ్దమే విశేషగుణమనియు, రూపము లేదనియు మన తార్కికులు చెప్పిన సంగతిని వివరించితిని. వెంటనే వెనుకవరుసలో ఒక బాలుడు లేచి, "పంతులు గారూ, రూపము లేనిదానికి నీలిరంగు ఎక్కడినుండి వచ్చినదండీ?" అని యడిగెను. నాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు అభిమానము అడ్డువచ్చినది. "పరీక్షలో రాని ప్రశ్నలు నీకెందుకు? కూర్చుండుము" అంటిని. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మఱల నోరు విప్పలేదు. నిజమునకు మన వేదాంతులు ఆకాశపు నీలిమను భ్రాంతికి దృష్టాంతముగా చూపియే యున్నారు. పెద్దపెద్ద పండితులు తలపోసిన విషయమును పదుమూడేండ్ల బాలుడు తనంతట తానే యడిగెను. మెచ్చుకొనవలసినచోట నేను కసరితిని.

ఆ బాలుడు నేడు మా యూరిలో రైతు. కొన్ని నెలల క్రిందట మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి, "పంతులు గారూ, మా అమ్మాయి భౌతికశాస్త్రములో ఎమ్మెస్సీ పూర్తిచేసినది. బ్యాంకులో ఉద్యోగము వచ్చినది. అది వలదు, పరిశోధన చేసెదనని పట్టుబట్టుచున్నది. వెలుగును, రంగులను చూచుచు కూర్చున్న ఎవరికేమి లాభమండీ? మీరొక మాట చెప్పవలెను" అనెను.

"నీకు నేను చాలకాలముగా ఒక సమాధానము బాకీపడియున్నాను. ముందు దానిని తీర్చుకొననిమ్ము నాయనా" అని యిట్లు చెప్పితిని.

సూర్యుని వెలుగు తెల్లగా కనబడినను అందులో ఇంద్రధనుస్సులోని రంగులన్నియు కలవు. వెలుగు అలలుగా ప్రసరించును. ఎఱుపు అల పొడవు, నీలపు అల పొట్టి. గాలిలోని అణువులు నీలపు వెలుగును ఎఱుపుకంటె సుమారు ఆఱు రెట్లు అధికముగా నలుదిక్కులకు చెదరగొట్టును. అందువలన ఏ దిక్కు చూచినను ఆ చెదరిన నీలమే కంటబడును. సాయంకాలమున కిరణములు గాలిలో చాలదూరము నడచి రావలెను. దారిలో నీలము చెదరిపోగా మిగిలిన యెఱుపు మనకు చేరును. తరువాత రాలే ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు దీనిని 1871లో గణితముతో చూపెను. కనుక నీ ప్రశ్న సరియైనదే. తార్కికుల మాటయు చెడలేదు. ఆ నీలిమ ఆకాశముది కాదు, గాలిలో చెదరిన వెలుగుది.

సముద్రపు నీలిమ మాత్రము ఆకాశపు ప్రతిబింబమే యని రాలే ప్రభువు అభిప్రాయపడెను. దానిని పరీక్షింపక ఒప్పుకొనని వాడు మన చంద్రశేఖర వేంకట రామన్. ఆయన 1888లో తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి విశాఖపట్టణములో కళాశాలాధ్యాపకుడగుటచే బాల్యమును ఆ సముద్రతీరపట్టణమున గడిపి, పదునొకండవ యేట అచ్చటనే మెట్రిక్యులేషను ముగించెను. 1921లో ఇంగ్లండునుండి ఓడలో తిరిగివచ్చుచు, మధ్యధరాసముద్రపు గాఢనీలిమను చూచి, తనయొద్దనున్న చిన్న స్ఫటికపు పట్టకముగుండ దానిని పరికించెను. తగిన కోణమున నిలిచి ఆ పట్టకమును త్రిప్పినచో, నీటిమీద ప్రతిఫలించి వచ్చు వెలుగు ఆగిపోవును. అట్లు ఆకాశపు ప్రతిబింబమును తొలగించినను నీలిమ పోలేదు, ఇంకను గాఢమైనది. నీటియణువులే వెలుగును చెదరగొట్టుచున్నవని ఆయన నిశ్చయించెను. ఆ దారినే ఏడేండ్లు నడచి, సహచరుడగు కృష్ణన్‌తో కలిసి, ద్రవములలో చెదరిన వెలుగులో కొంత భాగము రంగు మాఱి వచ్చునని 1928 ఫిబ్రవరి 28న కనుగొనెను. 1930లో నోబెలు బహుమానమును పొందెను.

కథ అంతటితో ముగియలేదు. నీరు ఎఱుపు వెలుగును కొంచెము కొంచెముగా మ్రింగివేయుటయు సముద్రనీలిమకు ముఖ్యకారణమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. రాలే మాటను రామన్ దిద్దెను; రామన్ మాటను తరువాతివారు పూరించిరి. ఎంతవాని మాటయైనను పరీక్షకు నిలువవలసినదే.

ఇక లాభము మాట. రామన్ కనుగొనిన ఆ రంగుమార్పు ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క విధముగా నుండును, మన వ్రేలిముద్రవంటిది. దానినిబట్టి మందుబిళ్ల అసలుదో నకిలీదో, రత్నము నిజమైనదో గాజుముక్కయో, పగులగొట్టకయే నేడు తెలిసికొనుచున్నారు. సముద్రము నీలమేల యని యడిగిననాడు ఈ ప్రయోజనము ఎవరికిని తోచలేదు.

కూటి మాటయు చెప్పవలెను. రామన్ 1907లో కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖ యుద్యోగియయ్యెను. పగలు కచేరిపని చూచుకొనుచు, ఉదయసాయంకాలములందు మహేంద్రలాల్ సర్కారు 1876లో స్థాపించిన విజ్ఞానసంస్థలో పరిశోధన సాగించెను. 1917లో ఆ కొలువు విడిచి, తక్కువ జీతమునకు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అందఱును రామన్‌లు కారు. ఆ సంగతి దాచరాదు. జాతీయపరీక్షలో నెగ్గి పరిశోధనకు చేరిన వారికి కేంద్రప్రభుత్వము 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్లయిన పిదప 42,000 రూపాయలు నిర్ణయించినది. పట్టము చేతికి వచ్చుటకు అయిదాఱేండ్లు పట్టవచ్చును. ఆ పిమ్మట వెంటనే స్థిరమైన కొలువు దొరకునను పూచీ లేదు. ఏండ్లతరబడి చేసిన ప్రయోగము వట్టిపోవుటయు కలదు. ఇవన్నియు తెలిసియే దిగవలెను.

"అయినను ఒకటి చూడుము నాయనా. నీవు చల్లుచున్న స్వర్ణ వరి మారుటేరు పరిశోధనకేంద్రమున పుట్టినది. అక్కడివారు ఏండ్లతరబడి వంగడములను కలిపి, ఏరి, విడిచి, మఱల ఏరి సాధించినారు. వారి పేర్లు నీకు తెలియవు, నాకు తెలియవు. విజ్ఞానవృత్తి యనగా ఎక్కువభాగము అటువంటిదే" అంటిని.

ఆయన చాలసేపు మాటాడలేదు. "మీ అమ్మాయి ఏమి తెలిసికొనగోరుచున్నదో ఎన్నడైన అడిగితివా?" అంటిని. "లేదండీ" అని తలవంచుకొనెను. మఱునాడు ఉదయమే వచ్చి, "రాత్రి రెండు గంటలసేపు చెప్పినదండీ. సగము నాకు తెలియలేదు. కాని అది అంత సంతోషముగా మాటాడుట నేనింతకు ముందు చూడలేదు" అనెను. ఆమె పరిశోధనకే వెళ్లినది. ఏమి సాధించునో నేను చెప్పజాలను.

పెద్దలారా! మన యిండ్లలో పిల్లలడుగు ప్రశ్నలలో పదింట తొమ్మిదింటికి మనకు జవాబు తెలియకపోవచ్చును. అందు సిగ్గుపడవలసినది లేదు. "నాకు తెలియదు; తెలిసినవారిని అడుగుదము రమ్ము" అని బిడ్డను వెంటబెట్టుకొని బడికి వెళ్లినచో మన పెద్దఱికమునకు లోటు రాదు. ఆ యొక్క మాట నాడు నా నోట రాలేదు. అందుచేత ఒక బాలుడు తన ప్రశ్నకు జవాబు వినుటకు ముప్పదియేండ్లకు పైగా వేచియుండవలసివచ్చినది.